చిట్టా పుస్తకమే పాఠ్యపుస్తకం

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి బజారులో నాకు డీటీపీ, జిరాక్స్ దుకాణం ఉంది. తెలుగు పెళ్లిపత్రికలు, ఒడియా దరఖాస్తులు, ఇంగ్లిషు రెజ్యూమెలు అన్నీ ఒకే కంప్యూటర్ మీద తయారవుతాయి. రెజ్యూమె కోసం వచ్చే పిల్లలు చివర్లో ఏం రాయమంటారో అడగకుండానే నాకు తెలుసు: "కంప్యూటర్ పరిజ్ఞానం – ఎంఎస్ ఆఫీస్, ఇంటర్నెట్." రాస్తాను. రాశాక ఒక పని చెబుతాను. "నీ పేరుతో ఒక ఫోల్డర్ చేసి ఈ ఫైలు అందులో పెట్టు. తర్వాత నీ మెయిల్‌కు నువ్వే పంపుకో." డిగ్రీ పూర్తిచేసిన వాళ్లలో కూడా చాలామంది అక్కడే ఆగిపోతారు. ఫోనులో వీడియో కత్తిరించి పాట కలపడం వీళ్లకు క్షణాల పని. తెలివికి లోటు లేదు. ఫోటో అయినా పత్రం అయినా అది ఎక్కడ నిలవ ఉంటుందో ఫోను వాళ్లకు ఎన్నడూ చూపించలేదు, అంతే.

ఉద్యోగాల దరఖాస్తుల దగ్గర ఈ లోటు డబ్బు రూపంలో కనిపిస్తుంది. బ్యాంకు ఉద్యోగాల దరఖాస్తుకు ఫోటో 20 నుంచి 50 కేబీ, సంతకం 10 నుంచి 20 కేబీ మధ్య ఉండాలంటారు. ఫోనులో తీసిన ఫోటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. దాన్ని కుదించడానికి పిల్లలు ప్రతిసారీ ఎవరికో ఒకరికి డబ్బు ఇస్తుంటారు. నా దుకాణానికి ఆదాయం వచ్చే పని కాబట్టి నేను చేసి పంపేస్తే సరిపోతుంది. కాని ఫోటో అంటే చుక్కల కూర్పని, అడ్డంగా ఎన్ని చుక్కలో నిలువుగా ఎన్ని చుక్కలో తగ్గిస్తే కేబీలు ఎలా దిగుతాయో ఒక్కసారి చూపించాననుకోండి, ఆ పిల్ల మళ్లీ ఆ పనికి నా దగ్గరికి రాదు. తన స్నేహితురాళ్లకు కూడా తనే చేసిపెడుతుంది. అలా రాకపోవడమే నాకు కావాలి.

నేను ఈ టపా రాయడానికి కారణం వేరే ఉంది. మా ఊళ్లో పని వెతుక్కునే పిల్లలు ఒకవైపు, లెక్కలు తేలక తలపట్టుకునే చిన్న కొట్లవాళ్లు ఒకవైపు ఉన్నారు. ఇద్దరికీ "డిజిటల్ నైపుణ్యం" కావాలని అందరూ అంటారు. ఇద్దరికీ వేర్వేరు తరగతులు పెడతారు. పిల్లలకు పవర్‌పాయింట్, వ్యాపారులకు ఒక పూట సదస్సు. గ్రామీణ కుటుంబాల కోసం కేంద్రం నడిపిన డిజిటల్ సాక్షరతా కార్యక్రమంలో పాఠం మొత్తం 20 గంటలు. మౌస్ పట్టుకోవడానికి, మెయిల్ తెరవడానికి, డబ్బు పంపడానికి ఆ గంటలు పనికొచ్చాయి, కాదనను. ఉద్యోగానికి చాలవు. ఊహించి రాసిన పట్టికలో పదిమంది విద్యార్థుల మార్కులు కూడితే ఎవరికీ కూడిక మీద శ్రద్ధ పుట్టదు. తప్పు వచ్చినా నష్టపోయేవాళ్లు లేరు కదా.

అందుకని సాయంత్రాలు నా దుకాణంలో నేర్చుకునే పిల్లలకు నేను బజారులోని చిట్టా పుస్తకాలే ఇస్తున్నాను. ఒక కిరాణా కొట్టు, ఒక ఇనుప సామాన్ల కొట్టు, ఒక దర్జీ, కొమ్ముతో దువ్వెనలూ బొమ్మలూ చేసే ఒక కుటుంబం. ఒక్కొక్క కొట్టుకు ఒక్కొక్క పిల్లవాడు, లేదా పిల్ల. ఆ కొట్టు ఒక నెల లెక్క ఎక్సెల్‌లోకి ఎక్కించి, కొట్టు యజమాని అడిగిన ఒక ప్రశ్నకు జవాబు తేవాలి. పాఠం అదే, పరీక్ష కూడా అదే.

కిరాణా ఆయన ప్రశ్న సూటిగా ఉంది: "నాకు ఎవరెవరు ఎంత బాకీ? ఎన్నాళ్ల నుంచి?" ఇంత చిన్న ప్రశ్న ఎన్ని తలుపులు తెరిపించిందో చెప్పాలి. ఆ పని తీసుకున్న కుర్రాడు ఐటీఐ చదివాడు. బాకీలన్నీ టైపు చేసి, పేరును బట్టి కూడే ఫార్ములా పెట్టాడు. మొత్తం సరిపోయింది కాని మనుషుల లెక్కలు సరిపోలేదు. ఎందుకంటే కొట్లో ఆయన తెలుగులో రాస్తాడు, గుమాస్తా ఒడియాలో రాస్తాడు, సెలవుల్లో కూర్చునే కొడుకు ఇంగ్లిషు అక్షరాలతో రాస్తాడు. ఒకే మనిషి మూడు లిపుల్లో ముగ్గురైపోయాడు. ఇంగ్లిషులో రాసినదే ఒకచోట ఒక 'ఏ', ఇంకోచోట రెండు 'ఏ'లు. మనిషికి అది ఒకే పేరు, కంప్యూటర్‌కు కాదు.

ఇక తేదీలు. పుస్తకంలో ఉన్నట్టే చుక్కలు పెట్టి తేదీ టైపు చేస్తే ఎక్సెల్ దాన్ని తేదీగా చూడకుండా మాటలా పక్కన పడేసింది. గీతలు పెట్టి కొట్టినవేమో మూడో తేదీ ఏప్రిల్ కాస్తా మార్చి నాలుగు అయి కూర్చుంది, ఎందుకంటే కంప్యూటర్ అమెరికా పద్ధతిలో అమర్చి ఉంది. సెట్టింగుల్లో ప్రాంతాన్ని భారత్‌కు మార్చాక దారిలో పడింది. తూకం గడిలో "2 కేజీ" అని అంకెనూ మాటనూ కలిపి కొడితే కూడిక రాదని కూడా అప్పుడే తెలిసింది. అంకె ఒక గడిలో, కొలత పక్క గడిలో ఉండాలి. ఈ మూడు విషయాలూ ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. కాని ఆ కుర్రాడు వాటిని మరిచిపోడు. ఎదురుగా ఆయన నిలబడి "ఇతను నాకు ఇంత బాకీ లేడయ్యా" అని అంటుంటే నేర్చుకున్నాడు.

పేర్ల చిక్కుకు మందు ఆ కుర్రాడే వెతికాడు. ప్రతి ఖాతాదారుకూ ఒక సంఖ్య. పేరు ఏ లిపిలో ఉన్నా సంఖ్య ఒకటే. అది చూసి నాకు పట్టలేని సంతోషం వేసింది, ఎందుకంటే పెద్ద పెద్ద కంపెనీల డేటాబేసుల్లో పునాది అదే. బ్యాంకు మనల్ని ఖాతా సంఖ్యతో గుర్తుపట్టేది కూడా ఇందుకే. ఎవరూ పాఠంగా చెప్పకుండానే అవసరం వాణ్ణి అక్కడికి తీసుకువెళ్లింది.

ఆ సంఖ్యలతో ఇంకో పెద్ద అడ్డంకి కూడా తొలగింది. మొదట్లో షావుకార్లు పుస్తకాలు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. వాళ్ల భయం న్యాయమైనదే. ఇంత చిన్న ఊళ్లో ఎవరి ఇల్లు ఎంత అప్పులో ఉందో చిట్టాలో ఉంటుంది. రేపు పిల్లలు ఆ మాట బయట అంటే కొట్టుకు బేరం పోతుంది, ఆ ఇంటికి పరువు పోతుంది. ఇప్పుడు పేర్లూ సంఖ్యలూ ఉన్న జాబితా కొట్టులోనే ఉంటుంది, నా దుకాణానికి రాదు. పిల్లల ముందు ఉండేవి 17, 42, 63 మాత్రమే. ఒకరి లెక్క మన చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎంత భద్రంగా ఉంచాలో నేర్పడం ఫార్ములా నేర్పడం కంటే ముందు రావాలని నా గట్టి నమ్మకం. ఆ ఫైళ్లు ఎవరూ ఫోనులోకి ఎక్కించుకోకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

సరిహద్దు ఊరు కావడం వల్ల మా లెక్కల్లో మరో మెలిక ఉంది. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం. అది ఆంధ్రప్రదేశ్. చుట్టరికాలకూ సంతలకూ సరిహద్దు లేదు, జీఎస్టీకి ఉంది. ఇనుప సామాన్ల కొట్టు పిల్లకు మొదటి పాఠం జీఎస్టీ సంఖ్యను చదవడమే. అందులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం: 21 అంటే ఒడిశా, 37 అంటే ఆంధ్రప్రదేశ్. తర్వాతి పది ఆ వ్యాపారి పాన్. సరుకు పంపించేటప్పుడు కొన్నవాడి సంఖ్య 21తో మొదలైతే పన్ను రెండు సగాలుగా కేంద్రానికీ రాష్ట్రానికీ వేయాలి. సరుకు సరిహద్దు దాటి 37 వాడికి చేరేదైతే మొత్తం ఐజీఎస్టీ, అంటే రాష్ట్రాల మధ్య బేరానికి వేసే పన్ను. ఒకదాని బదులు ఇంకోటి కడితే సరైన పద్దు కింద మళ్లీ కట్టి, ముందు కట్టినది వాపసు అడగాలి. చిన్న కొట్టుకు ఆ డబ్బు అన్నాళ్లు ఇరుక్కుపోవడమంటే మాటలు కాదు.

కాంపోజిషన్ పథకం సంగతి ఇంకా ముఖ్యం. ఏడాది టర్నోవరు కోటిన్నర లోపు ఉన్న వ్యాపారి అందులో చేరి ఒక శాతం కట్టి ఊరుకోవచ్చు, ప్రతి బిల్లుకూ లెక్క చెప్పే బాధ తగ్గుతుంది. కాని అందులో ఉన్నవాళ్లు వేరే రాష్ట్రానికి సరుకు పంపకూడదు. భువనేశ్వర్‌లోనో కటక్‌లోనో కొట్టు ఉన్నవాడికి ఈ షరతు పెద్దగా తగలకపోవచ్చు. మాకు రోజూ వచ్చే బేరం అవతలి ఒడ్డుదే. ఆ పిల్ల చేసిన పట్టికలో ఇనుప కొట్టు బేరం ఎంత భాగం 37 వైపు వెళ్తోందో తేలింది. పథకంలో చేరదామా అని ఊగిసలాడుతున్న యజమాని అది చూసి ఆ ఆలోచన మానుకున్నాడు. ఆడిటర్ చెప్పినా వినేవాడేమో. కాని తన పుస్తకంలోంచి తీసిన అంకె మీద ఉండే నమ్మకం వేరు.

కొమ్ము పని కుటుంబం విషయం చూస్తే నాకు మనసు ఆగదు. పర్లాకిమిడి కొమ్ము పనికి పేరు ఉంది. గేదె కొమ్మును వేడిచేసి, వంచి, అరగదీసి కొంగలనూ రొయ్యలనూ చేస్తారు. చేతిలో తీసుకుంటే అద్దంలా ఉంటాయి, ఫోటో తీస్తే నల్లముద్దలా కనిపిస్తాయి. ఆ ఇంటి పని తీసుకున్న అమ్మాయి ఫ్లాష్ మానేసి, కిటికీ పక్కన తెల్ల కాగితం వంచి పెట్టి, పక్కనుంచి పడే వెలుతురులో తీసింది. కొంగ మెడ వంపు, కొమ్ములోని గోధుమ రంగు చారలు అప్పుడు కనిపించాయి. పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో, ఎందుకంటే ఎంత పొడవో తెలియకుండా దూరాన ఉన్నవాడు కొనడు. వివరంలో గేదె కొమ్ము అని స్పష్టంగా రాయించాను. కొమ్ము అనగానే అడవి జంతువుదేమోనని కొనేవాడికి అనుమానం రావచ్చు.

జీఎస్టీ నమోదు లేని చిన్నవాళ్లు ఈ-కామర్స్ వేదికల మీద సరుకులు అమ్ముకోవడానికి 2023 అక్టోబరు 1 నుంచి వీలు వచ్చింది. అయితే సొంత రాష్ట్రంలోపలే. అంటే ఈ కుటుంబం ఎక్కడో ఉన్న సంబల్‌పూర్‌కు కొంగను అమ్మవచ్చు, కళ్లెదుట ఉన్న పాతపట్నానికి ఆ దారిన అమ్మకూడదు. చేతిపనుల వాళ్లకైనా ఈ గీత చెరిపేస్తే సరిహద్దు జిల్లాలకు ఎంత మేలో రాసేవాళ్లూ అడిగేవాళ్లూ కావాలి.

చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు గురించి ఒక్క ముక్క. 2020 జులై నుంచి ఉన్న ఈ నమోదుకు ప్రభుత్వం ఒక్క రూపాయి తీసుకోదు. ఆధార్ ఉంటే మొదలుపెట్టవచ్చు, కాగితాలు ఎక్కించనక్కర్లేదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లా కనిపించే పేజీలు పెట్టి రుసుము గుంజేవాళ్లు ఉన్నారు కాబట్టి చిరునామా చివర జీఓవీ డాట్ ఇన్ ఉందో లేదో చూడడం పిల్లలందరికీ నేర్పుతాను. ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బు అడిగేవాడు ఉద్యోగం ఇచ్చేవాడు కాడు. డబ్బు మన ఖాతాకు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల సహాయ సంఖ్య 1930కు ఫోను చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపడానికి అంత అవకాశం.

భాష సంగతి చెప్పకుండా ఉండలేను. మా పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదివారు. తెలుగు చదవడం సగం వచ్చు, రాయడం రాదు. వాళ్లకు నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్పుతాను. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక అది. ఒడియా 'క' ఏ మీట మీద ఉందో తెలుగు 'క' అదే మీట మీద ఉంటుంది. తెలుగులో ఎ, ఒ లాంటి హ్రస్వాలు అదనంగా ఉంటాయి, అవి కొత్తగా నేర్చుకోవాలి. ఒడియా టైపింగ్ వచ్చిన పిల్ల భాష మార్చి అదే వేళ్లతో తెలుగు కొడుతుంటే, తెర మీద వచ్చే అక్షరాన్ని చూసి తెలుగు లిపి కూడా పట్టుబడుతుంది. డీటీపీ వాళ్లం తెలుగుకు అను ఫాంట్లూ ఒడియాకు ఆకృతి ఫాంట్లూ వాడుతూ వచ్చాం. ఆ ఫైలు ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలే. యూనికోడ్‌లో కొట్టిన బిల్లు పాతపట్నంలో తెరిచినా, భువనేశ్వర్‌లో తెరిచినా అదే బిల్లు. పిల్లలకు మొదటి రోజు నుంచీ యూనికోడే నేర్పుతున్నాను.

గుమ్మ వైపు నుంచి బస్సులో వచ్చే సవర అమ్మాయి ఒకతె ఉంది. నన్ను తెలుగు పిల్లలు అక్కా అంటే, తను నానీ అంటుంది, ఇక్కడి ఒడియాలో అదీ అక్కే. ఫార్ములా వివరించేటప్పుడు నేను తెలుగులో మొదలుపెట్టి ఒడియాలోకి వస్తాను, తను దాన్ని తన చెల్లెలికి సవరలో చెబుతుంది. చెల్లెలికి చెప్పగలిగిందంటే తనకు అర్థమైనట్టు. గిడుగు రామమూర్తి ఈ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉండి, సవరలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల భాష తను నేర్చుకోవాలని నేర్చుకున్నారు. వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. ఆ ఊళ్లో ఉంటూ, శిక్షణ కేంద్రాల్లో పిల్లలకు తెలియని ఇంగ్లిషులో స్లైడ్లు చదివి వినిపించడం చూస్తే బాధ వేస్తుంది. మెనూలు ఇంగ్లిషులో ఉంటే ఉండనివ్వండి, ఆ నాలుగు మాటలు నేర్చుకుంటారు. ఎందుకు అలా చేయాలో చెప్పే మాట మాత్రం వాళ్లదై ఉండాలి.

చట్టంలో కూడా మా కొట్లకు చోటు లేదు. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం ఇప్పుడు 30 మందీ అంతకు మించీ పనిచేసే సంస్థలు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురి నుంచి ఇష్టమైతే తీసుకోవచ్చు. అప్రెంటిస్‌కు ఇచ్చే భృతిలో కేంద్రం కొంత భరిస్తుంది. కాని యజమానీ ఒక గుమాస్తా ఉన్న కొట్టు ఈ లెక్కలోకే రాదు. మా బజారు నిండా అలాంటి కొట్లే. నాలుగైదు కొట్లు కలిసి ఒక పిల్లవాణ్ణి అప్రెంటిస్‌గా పెట్టుకునే వీలు కల్పిస్తే, సోమవారం కిరాణా, మంగళవారం ఇనుము, బుధవారం దర్జీ అని తిరుగుతూ ఆ పిల్లవాడు ఏ కళాశాలా చెప్పలేనంత నేర్చుకుంటాడు. కొట్లవాళ్లకు తలా కొంత ఖర్చుతో లెక్కలు తేలతాయి. ఈ మాట వర్తక సంఘం పెద్దల చెవిన వేశాను. జిల్లా అధికారులకు రాసి ఇస్తామన్నారు. కాగితం నేనే టైపు చేసి ఉంచాను.

అంతవరకు నా షరతులు నావి. పుస్తకం ఇచ్చే కొట్టువాళ్లకు ముందే చెబుతున్నాను. మొదటి నెల పిల్లల చదువు, దానికి మీరు ఏమీ ఇవ్వనక్కర్లేదు. రెండో నెల కూడా ఆ లెక్క మీకు కావాలంటే జీతం మాట్లాడాలి, చేతికి ఇచ్చేదేదో ఖాతాలో వేయాలి, పనిచేసినట్టు ఒక ఉత్తరం ఇవ్వాలి. "నేర్చుకుంటున్నాడు కదమ్మా, జీతం ఎందుకు" అని ఒక షావుకారు అన్నాడు. ఆయన పుస్తకం తిరిగి ఇచ్చేశాను. కిరాణా ఆయన మాత్రం ఐటీఐ కుర్రాణ్ణి వారానికి రెండు సాయంత్రాలకు కుదుర్చుకున్నాడు. ఇనుప కొట్టు యజమాని ఇంకా ఆలోచిస్తున్నాడు, ఆ పిల్ల ఈలోగా పలాసలో ఒక జీడిపప్పు కర్మాగారం ఆఫీసుకు దరఖాస్తు పెట్టింది. రెజ్యూమెలో "ఎంఎస్ ఆఫీస్" అన్న వరుస తీసేసి, "రెండు రాష్ట్రాల జీఎస్టీ బిల్లుల పట్టిక తయారుచేయగలను" అని తనే టైపు చేసుకుంది.

దసరా తర్వాత కొత్తవాళ్లను తీసుకుంటాను. చదువు ఎంతైనా పరవాలేదు. కొట్టువాళ్లు ఎవరైనా ఒక నెల చిట్టా ఇవ్వదలిస్తే సాయంత్రం ఆరు దాటాక దుకాణానికి రండి. పేర్ల జాబితా మాత్రం కొట్టులోనే ఉంచి రండి.